సున్నా మాస్టారి పేజీ

సోమవారం రెండో పీరియడ్ సగంలో అటెండర్ వచ్చి ప్రిన్సిపాల్ మేడమ్ రమ్మంటున్నారని చెప్పేసరికి, లెక్కల మాస్టారు బోర్డు మీద సున్నా చుడుతున్నాడు. ఆయన సున్నా చుట్టడం చూసి తీరాల్సిందే. చాక్‌పీసు ఎత్తకుండా, అన్నం పళ్ళెమంత సున్నా, ఒక్క గీతలో. ఇరవై ఆరేళ్ళుగా చుడుతున్నాడు మరి. అందుకే పిల్లలు ఆయనకి సున్నా మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరున్నట్టు ఆయనకి తెలుసు. తెలియనట్టు నటించడమూ తెలుసు.

"అర్థమైందా?" అని అడిగి, "అయింది. మిగతాది రేపు," అని తనే జవాబు చెప్పేసుకుని, చేతులు దులుపుకుంటూ బయల్దేరాడు. ఏ క్లాసులోనైనా అంతే. అడగటమూ ఆయనే, చెప్పటమూ ఆయనే. మధ్యలో నలభై రెండు మంది పిల్లలున్నారన్న సంగతి ఆయనకి అంతగా పట్టేది కాదు. చెడ్డవాడు కాదండోయ్, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. సిలబస్ అయిపోవాలన్న ఆదుర్దా, అంతే.

ప్రిన్సిపాల్ మేడమ్‌ది ఇంకో రకం ఆదుర్దా. ఎదుటివాళ్ళ వాక్యం చివరిదాకా వినే తీరిక ఆవిడకి లేదు. సగం వినగానే మిగతా సగం తనే పూర్తిచేసి, దానికి జవాబు కూడా ఇచ్చేస్తుంది. తొమ్మిది వందల మంది పిల్లలున్న బడిని నడపాలంటే అలాగే ఉండాలేమో, నాకు తెలియదు.

"కూర్చోండి మాస్టారూ. మీకు సోషల్ మీడియాలో..."

"నాకా? నేనసలు..."

"అకౌంటు ఉందని తెలిసింది," అని ఆవిడ పూర్తి చేసింది.

మాస్టారు నోరు వెళ్ళబెట్టాడు. ఆవిడ తన ఫోన్ ఆయన వైపు తిప్పింది. నల్లబల్ల మీద పెద్ద సున్నా బొమ్మ, దాని కింద 'సున్నా మాస్టారు' అన్న పేరు. మూడు వందల పదకొండు మంది అందులో చేరి ఉన్నారు. అందరూ ఈ బడి పిల్లలే. 'మాస్టారూ, ఈ స్టెప్ ఎలా వచ్చింది?' అని ఒకరు, 'మాస్టారూ, రేపు టెస్టంటే భయంగా ఉంది' అని ఇంకొకరు. ప్రతి ఒక్కరికీ జవాబుంది. మాస్టారి మాటలతోనే ఉంది.

"ఇది నేను కాదు మేడమ్!"

"మీరు కాకపోతే ఎవరు? మందుల షాపాయన పొద్దున్నే వచ్చి ఇక్కడ తాండవం చేసి వెళ్ళాడు. ఆయన మన కమిటీ మెంబరు, మీకు తెలుసుగా. వాళ్ళమ్మాయి మీ టెన్త్ బి. మీరు ఆ పిల్లకి ట్యూషన్ మాన్పించారట, ఆరో తరగతి లెక్కల పుస్తకం కొనమన్నారట. 'నా కూతుర్ని నాలుగు క్లాసులు కిందికి దించడానికి ఈయనెవరు?' అని ఒకటే గోల."

అసలు గొడవ అది కాదు. బడి తెరిచిన రోజునే టీచర్లందరి చేతా సర్క్యులర్ మీద సంతకాలు చేయించుకున్నారు, సోషల్ మీడియాలో విద్యార్థులతో మాటామంతీ పెట్టుకోకూడదని. పెట్టుకుంటే ఉద్యోగానికే ఎసరు. ఇప్పుడు మేడమ్ ఒక టైపు కాగితం ఆయన ముందుకు తోసింది. 'నేను ఏ సోషల్ మీడియాలోనూ ఏ విద్యార్థితోనూ సంభాషించలేదు' అని ఒకే ఒక్క వాక్యం, కింద సంతకానికి ఖాళీ.

మాస్టారు జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇప్పుడు కాదు. ఉత్త సంతకం ఆయన నమ్మడు. ఆ పేజీ ఎవరిదో కనుక్కుని, పేరు కూడా రాసి, శుక్రవారం పది గంటలకి తెచ్చివ్వండి. పిల్లలెవరైనా అయితే టీసీ ఇచ్చి పంపేస్తాం. ఎవరూ దొరకలేదనుకోండి, అది మీదేనని కమిటీ అనుకుంటుంది. తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఏభై రెండేళ్ళ వయసులో, ప్రైవేటు బడిలో, ఉద్యోగం పోతే ఇంకోటి ఎవడిస్తాడు? ఆ తర్వాత నాలుగో పీరియడ్‌లో టెన్త్ బికి వర్గ సమీకరణం ఎలా చెప్పాడో ఆయనకే తెలియదు. చెయ్యి దాని పాటికి అది రాసుకుపోయింది.

సాయంత్రం భార్య ఆఫీసు నుంచి రాగానే సంగతి చెప్పాడు. ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. రోజుకి రెండు వందల మందితో మాట్లాడి వస్తుంది కాబట్టి ఇంట్లో మాటలు పొదుపు. చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, సోఫాలో కూర్చుని ఆ పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ నవ్వింది.

"ఏమిటోయ్ ఆ నవ్వు? ఇక్కడ నా కొంప మునుగుతోంది!"

"ఏవండీ, ఇది మీరు కాదు కదా?"

"నేనా! నాకు ఆ ఫోన్లో అక్షరాలే కనిపించి చావవు."

"అదే అనుకున్నా. మీరైతే ఇంత ఓపిగ్గా చెప్పరు." ఇంకాస్త చదివింది. "ఎవరో గానీ, ఏమనుకోకండి, మీకంటే నయం."

అరికాలి మంట నెత్తికెక్కింది మాస్టారికి. ఫోన్ లాక్కుని, కళ్ళజోడు సవరించుకుని తనే చదవడం మొదలుపెట్టాడు. మాటలన్నీ తనవే. 'రైలేమైనా వెళ్ళిపోతోందా?' అనేది క్లాసులో ఆయన ఊతపదం, తొందరపడి తప్పులు చేసేవాళ్ళని కసురుకోవడానికి వాడతాడు. ఇక్కడ అదే మాట, ఏడుపు మొహంతో వచ్చిన పిల్లకి ధైర్యం చెప్తోంది. 'కంగారు పడకు. రైలేమీ వెళ్ళిపోవట్లేదు. నెమ్మదిగా చూడు.' 'అర్థమైందా?' కూడా ఉంది. కాకపోతే దాని పక్కన 'అయింది' లేదు. 'అర్థమైందా? కాకపోతే కాలేదని చెప్పు, ఇంకోలా చూద్దాం' అని ఉంది.

అన్నిటికంటే పైన, గంట కిందటే పెట్టిన కబురు ఒకటుంది. 'ఈరోజు నాలుగో పీరియడ్‌లో టెన్త్ బిలో నేను గుర్తు తప్పు వేశాను. ప్లస్ ఏడు రావాల్సిన చోట మైనస్ ఏడు వేశాను. పొరపాటు నాదే. దిద్దుకోండి.'

"పచ్చి అబద్ధం!" అని మాస్టారు ఎగిరిపడ్డాడు. "ఇరవై ఆరేళ్ళలో నేను గుర్తు తప్పడమేమిటి!"

టేబుల్ మీదున్న కరెంటు బిల్లు వెనక ఆ లెక్క చేసి చూశాడు. ఫార్ములాలో మైనస్ ఉంది, సమీకరణంలో ఏడుకీ మైనసే ఉంది. రెండు మైనస్‌లు కలిసి ప్లస్ కావాలి. తను బోర్డు మీద ఏం వేశాడో కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. వేశాడు. నిక్షేపంలాంటి మైనస్ వేశాడు. మూడు, అర రావాల్సిన జవాబులు మైనస్ మూడు, మైనస్ అర అని చెప్పి, 'అర్థమైందా? అయింది' అని కూడా అనేసి వచ్చాడు.

భార్య ఆయన మొహం చూసి, బిల్లు చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక్కడినుంచే మాస్టారికి కోపం కంటే ఇంకోటి ఎక్కువైంది. ఎవరు? తను తప్పు చేస్తే తనకంటే ముందు పట్టుకుని, తన పేరు మీద తన బదులు తప్పు ఒప్పుకున్న ఈ మనిషి ఎవరు? పుండు మీది పెచ్చు గోకినట్టు ఆ ప్రశ్నని వదల్లేకపోయాడు. భోజనం కాగానే భార్యని బతిమాలి, తన ఫోన్లో విద్యార్థిలా ఒక అకౌంటు తెరిపించాడు.

"పేరేం పెట్టమంటారు?"

"ఏదో ఒకటి తగలెయ్యి."

ఆవిడ 'వెనక బెంచీ' అని తగలేసింది. ఫొటో కావాలంటే గోడ గడియారాన్ని తీసి పెట్టింది.

మాస్టారు ఒక లెక్క పంపాడు, ఏటికి ఎదురు వెళ్ళే పడవ లెక్క. సాధారణంగా పిల్లలు దాంట్లో బోల్తా పడతారు. కాసేపటికి జవాబొచ్చింది. 'ముందు నువ్వు చేసినంతవరకు ఫొటో తీసి పెట్టు. తప్పైనా పర్వాలేదు. తప్పు ఎక్కడ మొదలైందో చూస్తేనే కదా నాకు తెలిసేది.'

ఈ ముక్క తనది కాదు. తనెప్పుడూ పిల్లల్ని ఇలా అడగలేదు. మాస్టారు ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో, కావాలని ఒక తప్పు చేసి పంపాడు. మర్నాడు తెల్లవారి ఐదున్నరకల్లా జవాబు సిద్ధంగా ఉంది. 'మూడో లైను దాకా భేషుగ్గా చేశావు. నాలుగో లైనులో ఏటి వేగం కలిపేశావు, అది తీసేయాలి. పడవ ఎదురు వెళ్తోంది కదా, ఏరు దాన్ని వెనక్కి నెడుతుంది. నువ్వే పడవలో ఉన్నట్టు అనుకో.'

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, భేషుగ్గా చేశావన్న మాట చదవగానే మాస్టారికి ఒళ్ళు పులకరించింది. తను కావాలని చేసిన లెక్క! అందులో మొదటి మూడు లైన్లూ ఒప్పని తనకి తెలియదా? తెలుసు. అయినా ఎవరో కూర్చుని, లైను లైనూ చూసి, ఇంతదాకా బాగుందని చెప్పారు. ఆ మాట రెండుసార్లు చదువుకున్నాడు. అబద్ధమెందుకు, మూడుసార్లు.

మంగళవారం టెన్త్ బిలోకి వెళ్ళగానే, "నిన్న నేనొక గుర్తు తప్పు వేశాను. మీరు చూస్తారో లేదోనని కావాలనే వేశాలే," అన్నాడు. మూడో వరసలో ఒకళ్ళు తల వంచుకున్నట్టు అనిపించింది గానీ, అప్పుడు పట్టించుకోలేదు. నోటు పుస్తకాలన్నీ కట్టగట్టించి స్టాఫ్‌రూమ్‌కి తెప్పించుకున్నాడు.

మైనస్‌ని ప్లస్ చేయడం ఎంత పని? నిలువుగా ఒక గీత గీస్తే చాలు. ఆయన వెతుకుతున్నది ఆ గీతనే. పద్దెనిమిది పుస్తకాల్లో మైనస్ మైనస్‌లాగే ఉంది, వాళ్ళు పేజీ చూడలేదన్నమాట. ఇరవై మూడు పుస్తకాల్లో అడ్డగీత ఒక సిరా, నిలువుగీత ఇంకో సిరా. అంటే తర్వాత దిద్దుకున్నారు. ఒక్క పుస్తకంలో మాత్రం ప్లస్ మొదటినుంచీ ప్లస్సే. ఒకే సిరా, ఒకే ఒత్తిడి. మాస్టారు బోర్డు మీద మైనస్ వేస్తుంటే, అది చూస్తూ చూస్తూనే ప్లస్ వేసుకున్న చెయ్యి.

అట్ట మీద పేరు చూశాడు. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి.

ఆ పిల్లకి నత్తి. బడి తెరిచిన మొదటి వారంలో ఏదో సూత్రం అడిగితే లేచి నిలబడి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. "సర్లే, నీకు తెలుసులే, కూర్చో," అని మాస్టారే మిగతాది చెప్పేశాడు. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో మళ్ళీ ఆ పిల్లని లేపలేదు. వరసగా ప్రశ్నలు అడుగుతూ వచ్చి, ఆ పిల్ల దగ్గరికి రాగానే దాటేసి పక్కనున్న పిల్లని అడిగేవాడు. దాన్ని ఆయన దయ అనుకున్నాడు.

పుస్తకం తిరగేసి చివరి పేజీ చూశాడు. అక్కడ లెక్కలు లేవు. పైనుంచి కిందిదాకా ఆయన మాటలు. 'రైలేమైనా వెళ్ళిపోతోందా?', 'సున్నాని చిన్నచూపు చూడకు', 'ఈక్వల్ టూ అంటే తక్కెడ, రెండు పళ్ళేలూ చూడు'. ఎప్పుడో అనేసి మరిచిపోయినవి కూడా ఉన్నాయి. అన్నిటికంటే కింద 'అర్థమైందా? అయింది' అని రాసి, 'అయింది' అన్నదాన్ని స్కేలు పెట్టి శుభ్రంగా కొట్టేసి ఉంది.

ఇక చేయాల్సిందేమిటి? కాగితం మీద ఆ పిల్ల పేరు రాసి, సంతకం పెట్టి, మేడమ్‌కి ఇచ్చేసి, హాయిగా ఊపిరి పీల్చుకోవడం. ఎవరైనా అదే చేస్తారు. మాస్టారు ఆ పుస్తకాన్ని తన సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయాడు.

"దొరికారా?" అంది భార్య.

"ఇంకా లేదు."

"లేదంటూ ఆ ముసిముసి నవ్వేమిటి?"

బుధవారమంతా ఆయన ధ్యాస ఆ కిటికీ పక్కే. నోరు విప్పని పిల్ల ఫోన్లో అన్ని మాటలు ఎలా మాట్లాడుతోంది? మూడు వందల మంది డౌట్లకి జవాబులు ఎప్పుడు రాస్తోంది? మందుల షాపాయన కూతురికి భిన్నాలు రావని తనకి తెలియనిది ఈ పిల్లకి ఎలా తెలిసింది? ఆ సంగతి పేజీలోనే వెతికాడు. మందుల షాపాయన కూతురు త్రికోణమితి అడిగింది. సున్నా మాస్టారు చేసినంతవరకు చూపించమన్నాడు. చూపించింది. అరకీ పావుకీ కూడిక తప్పింది. 'నీకు త్రికోణమితి రాకపోవడం కాదు. ఆరో తరగతిలో భిన్నాలు చెప్పినప్పుడు నీకేదో అయింది. బడికి రాలేదా?' అని అడిగాడు సున్నా మాస్టారు. 'ఆ ఏడాది అమ్మకి ఒంట్లో బాలేదు, రెండు నెలలు రాలేదు, ఎవరికీ చెప్పలేదు' అని ఆ పిల్ల జవాబు. మాస్టారు ఫోన్ పక్కన పెట్టాడు. ఈ పిల్ల పేపర్లు తను ఎన్ని దిద్దాడు! అడ్డంగా కొట్టేసి మార్కు వేయడమే గానీ, అరకీ పావుకీ కూడిక రావట్లేదన్నది కంటికి ఆనలేదు.

ఆ రోజు వెనక బెంచీ ఇంకో రెండు డౌట్లు అడిగాడు. దొంగ దొరికాక కూడా ఎందుకు అడుగుతున్నట్టు? బుద్ధి పుట్టి అడిగాడు. నిజంగానే తనకి తెలియని సంగతి ఒకటుంది, ఇదే లెక్క ఈ పిల్ల ఎలా చెప్తుందో.

గురువారం పొద్దున్నే మాత్రం ఒక వెధవ పని చేశాడు. కుతూహలం పట్టలేక వెనక బెంచీ పేరుతో ఇలా రాశాడు. 'మాస్టారూ, ఈ పేజీ వల్ల మీ ఉద్యోగం పోతుందట, నిజమేనా? బళ్ళో అందరూ అనుకుంటున్నారు.' ఏమంటుందో చూద్దామని! పదిహేనేళ్ళ పిల్లకి అది ఎలా తగులుతుందో ఆలోచించాడా? లేదు. సాయంత్రం దాకా పదిసార్లు ఫోన్ చూశాడు. జవాబు రాలేదు. ఆ పేజీలో జవాబు రాని మొదటి ప్రశ్న అదే. క్లాసులో కిటికీ పక్క చోటు కూడా ఆ రోజు ఖాళీ.

శుక్రవారం పదికి ఐదు నిమిషాలుందనగా ప్రిన్సిపాల్ గది తలుపు తట్టాడు. కాగితం జేబులోనే ఉంది, దాని మీద ఏమీ రాయలేదు. ఎవరూ దొరకలేదని చెప్పేద్దామని మెట్లెక్కుతూ అనుకున్నాడు. తర్వాత ఉద్యోగం సంగతేమిటని ఆ మెట్ల మీదే వెనక్కి తగ్గాడు. అటో ఇటో తేలకుండానే లోపలికి వెళ్ళాడు.

మేడమ్ టేబుల్ ముందు మూడో వరస అమ్మాయి నిలబడి ఉంది. మొహమంతా కన్నీళ్ళు.

"రండి, రండి. మీరు తేలేదు గానీ, పేరు దానంతటదే వచ్చింది," అంది మేడమ్. "పేజీ నడిపింది ఈ అమ్మాయి. నడిపించింది మీరట!"

"ఏమిటీ?"

"పొద్దున్నే వచ్చి 'ఆ సారు, ఆ సారు' అంటూ నిలబడిపోయింది. 'సారే నీ చేత చేయించారా?' అని అడిగా. ఏడ్చేసింది. ఇంకేం చెప్పాలి చెప్పండి? పిల్లని అడ్డం పెట్టుకుని ఇదేం పని మాస్టారూ?"

మాస్టారికి కాపాడదామనుకున్న పిల్లే తన మీదికి తోసిందా అని ఒళ్ళు మండిపోయింది. అప్పుడు పిల్ల వైపు చూశాడు. కాదు, కాదు అని తల అడ్డంగా ఊపేస్తోంది. పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు. ఇక్కడేం జరిగిందో ఆయనకి అప్పుడు తెలిసింది. పిల్ల సగం వాక్యం చెప్పింది. మిగతా సగం మేడమ్ చెప్పేసింది. ఎనిమిది నెలల కిందట తను చేసింది కూడా అచ్చంగా ఇదే.

"మేడమ్," అన్నాడు, "ఆ పిల్ల వాక్యం ఇంకా అవలేదు."

"అయిందిగా, సారు..."

"అవలేదు. ఆగుదాం."

ఆగారు. ఆగడమంటే ఏమిటో ఆ గదిలో ముగ్గురికీ అప్పుడే తెలిసింది. ఫ్యాను తిరుగుతోంది. పక్క గదిలో ప్రింటర్ కాగితాలు కక్కుతోంది. మేడమ్ రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ మాస్టారు క్లాసులో అల్లరిని ఆపినట్టు అరచెయ్యి ఎత్తాడు. పిల్ల కళ్ళు మూసుకుంది. 'ఆ' దగ్గర చాలాసేపు పట్టింది, 'సా' దగ్గర ఇంకా చాలాసేపు పట్టింది. పీరియడ్ గంట మోగి ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు.

"ఆ సారు నేనే మేడమ్," అంది పిల్ల.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "నువ్వేనా? ఒక్కదానివేనా?"

పిల్ల తలూపింది.

"మరి సార్ పేరెందుకు పెట్టుకున్నావు?"

మళ్ళీ ఆగారు. ఈసారి మేడమ్ తనంతట తనే ఆగింది.

"నా పేరైతే ఎవరడుగుతారు మేడమ్? నేను మాట్లాడితే... అందరూ మధ్యలోనే అందుకుంటారు. సార్‌లా రాస్తుంటే నాకు మా... మాట ఆగదు." ముక్కు తుడుచుకుంది. "అమ్మ సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే ఫోన్ నాకిస్తుంది, పొద్దున దాకా నా దగ్గరే. అప్పుడు రాస్తా. సార్ ఉద్యోగం పో... పోతుందని నాకు తెలీదు. వెనక బెంచీ అని ఒకడు చెప్పాడు."

"వాడెవడు?" మేడమ్ పెన్ను అందుకుంది. "వాడి సంగతీ చూడాలి. ఏ సెక్షన్?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆ గదిలోంచి మాయమైపోతే బాగుండుననిపించింది.

"ఆ వెనక బెంచీ నేనే మేడమ్."

ప్రింటర్ కూడా ఆగిపోయింది. పిల్ల కన్నీళ్ళతోనే ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ప... పడవ లెక్క మీరా సార్?" అని అడిగి, నవ్వాపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకుంది.

మాస్టారు జేబులోంచి కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. "దీని మీద నేను సంతకం పెట్టలేను. ఏ విద్యార్థితోనూ సంభాషించలేదని ఉంది. సోమవారం పెట్టి ఉంటే నిజమే. ఇవాళ పెడితే అబద్ధం. నాలుగు రోజులుగా ఈ పిల్లతోనే మాట్లాడుతున్నా."

"పట్టుకోవడానికే కదా. అలాగని రాసేస్తే..."

"మంగళవారమే తెలిసిపోయింది మేడమ్. పట్టుకోవడానికి కాదు." పిల్ల వైపు చూశాడు. "అవి నా మాటలే. నేను చెప్తే పిల్లలు తలకాయలూపి ఊరుకుంటారు. ఈ పిల్ల చెప్తే వచ్చి అడుగుతారు. ఎందుకో తెలుసుకోవాలనిపించింది. ఆ వంకన పిల్లని బెదరగొట్టాను కూడా. అది నా తప్పు."

మేడమ్ ఆ కాగితం వైపూ, ఈయన వైపూ చూసింది. తొందర మనిషే గానీ గుండెలేని మనిషి కాదు. "మీకు మెమో ఇవ్వక తప్పదు. సర్వీసులో మొదటిది."

"ఇవ్వండి. ఈ పిల్లకి మాత్రం టీసీ లేదు. ఆ సర్క్యులర్ టీచర్లకి. ఈమె టీచరు కాదు కదా? ఇక నా పేరు వాడుకుందంటారా, ఫిర్యాదు చేయాల్సింది నేను. నేను చేయను."

"మందుల షాపాయన?"

"ఆయన దగ్గరికి నేను వెళ్తాను. వాళ్ళమ్మాయికి భిన్నాలు రావని ఎనిమిది నెలల్లో నేను చూసుకోలేదని చెప్తాను. తిడితే పడతాను."

"ఆయన్ని మీరు ఒప్పిస్తే మెమోతో సరిపెడతాను. లేదంటే..." అని మొదలుపెట్టి, ఆవిడ తన వాక్యాన్నే సగంలో వదిలేసింది. మాస్టారు దాన్ని పూర్తిచేయలేదు.

"పేజీ మాత్రం ఇప్పుడే మూసెయ్యాలి. నా కళ్ళ ముందే," అంది మేడమ్ పిల్లతో.

పిల్ల సంచిలోంచి వాళ్ళమ్మ ఫోన్ తీసింది. ఒక్క కబురు పెట్టి మూసేస్తానన్నట్టు వేలు చూపించింది. మేడమ్ సరేనంది. పిల్ల వేళ్ళు గాలిలా కదిలాయి, ఎక్కడా తడబాటు లేదు. పంపే ముందు ఫోన్ మేడమ్‌కి అందించబోయింది.

"నువ్వే చదువు," అంది మేడమ్. "మేం వింటాం."

పిల్ల మాస్టారి వైపు చూసింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అది చదవడానికి ఆ పిల్లకి నాలుగు నిమిషాలు పట్టింది. నేను ఒక్క గుక్కలో చెప్పేస్తున్నాను గానీ, నాలుగు నిమిషాలు.

"నేను సున్నా మాస్టారిని కాదు. టెన్త్ బి, మూడో వరస, కిటికీ పక్క. డౌట్లుంటే సోమవారం ఇంటర్వెల్‌లో నా దగ్గరికి రండి. నోటితోనే చెప్తాను. మీరు ఆగాలి."

"సరే, పంపెయ్," అంది మేడమ్.